ట్యాబ్ కొందామా, తాకితే కదిలే లాప్‌టాపు కొందామా?

నరసరావుపేట: ఇంటరు ఫీజు కట్టారు, పుస్తకాలు కొన్నారు. ఇక మిగిలింది పిల్ల చేతికో పిల్లవాడి చేతికో ఒక కంప్యూటరు. పల్నాడు పల్లెల్లో ఈ మాట ఇప్పుడు డబ్బున్న ఇళ్ళకే పరిమితం కాలేదు. కౌలు చేసుకునేవారి ఇళ్ళలోనూ వినిపిస్తోంది. చిక్కల్లా ఏది కొనాలన్న దగ్గరే. పిల్ల ట్యాబ్ అడుగుతుంది. పక్కింటి ఇంజనీరింగు కుర్రాడు లాప్‌టాపు అంటాడు. షాపువాడు తన దగ్గర ఏది ఎక్కువ నిలవ ఉంటే అది చూపిస్తాడు.

ఒకప్పుడు టౌను కాలేజీలో చేరిన కుర్రాడికి సైకిలు కొనిచ్చేవారు. అందులో ఎంచడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. గొలుసు, బెల్లు, డైనమో సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటే సరిపోయేది. చెడినా ఊళ్ళోనే బాగుచేసేవాడు ఉండేవాడు. ఇప్పుడు కొనబోయేది ఇరవై, పాతికవేల రూపాయల వస్తువు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ లెక్కన పాతికవేలంటే రెండు క్వింటాళ్ళ పైచిలుకు మిరపకాయలు. ఎండలో కోసి, కల్లంలో ఆరబెట్టి, తాలు ఏరి యార్డుకు తోలిన సరుకు అది. ఏడాది తిరక్కుండా ఆ డబ్బు పెట్టెలో మూలపడే వస్తువైతే ఇంట్లో ఎవరికీ మనసు ఒప్పదు.

ట్యాబ్ మన పల్లెలకు కొత్తేమీ కాదు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 'ఆకాశ్' పేరుతో చౌక ట్యాబ్‌ను విడుదల చేసినప్పుడు దాన్ని బిగించింది హైదరాబాదులోనే. ప్రభుత్వం ఒక్కోదాన్ని 2,276 రూపాయలకు కొన్నది. గోటితో అదిమితే గాని కదలని తెర, మూడు గంటలు కూడా నిలవని బ్యాటరీ. చౌకగా ఇవ్వాలన్న కోరిక మంచిదే. కానీ వస్తువు ఆ కోరికకు తగ్గట్టు లేదు. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. మరుసటి ఏడాదీ పంచారు. అవి 8.7 అంగుళాలవి. ఆకాశ్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు మెరుగు. వాటిలో బైజూస్ పాఠాలు ఎక్కించి ఇచ్చారు. ఆ సంస్థ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది.

ఆ మొదటి విడత ట్యాబ్ అందుకున్న పిల్లలు 2025లో పదో తరగతి పరీక్షలు రాశారు. అంటే ట్యాబ్ ఎలా ఉంటుందో, దానితో ఏమవుతుందో, ఏమి కాదో ఆ ఇళ్ళలో తెలుసు. ఈసారి డబ్బు సర్కారుది కాదు, సొంతం. అందుకే ప్రశ్న గట్టిగా పడుతోంది.

చూసే పనీ, చేసే పనీ

ట్యాబ్‌ను తీసిపారేయనక్కరలేదు. అరకిలో బరువు. బస్సులో కూర్చుని పాఠం వినవచ్చు. బ్యాటరీ రోజంతా వస్తుంది. పుస్తకాల పీడీఎఫ్‌లు చదవడానికి ఫోనుకన్నా వెయ్యి రెట్లు నయం. చూడటం, వినడం, చదవడం వరకే పని అయితే ట్యాబ్ చాలు, దానికి మించి ఖర్చు దండగ. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంతకన్నా అక్కర్లేదు కూడా.

కానీ పదహారేళ్ళు వచ్చేసరికి చదువు తీరు మారుతుంది. చూసేదానికన్నా చేసేది ఎక్కువవుతుంది. ఇంటరు తర్వాత ఇంజనీరింగులో చేరితే మొదటి ఏడాదే సీ భాషలో ప్రోగ్రాములు రాయాలి. బీకాంలో చేరితే టాలీ నేర్చుకోవాలి, టాలీ విండోస్ కంప్యూటరు మీద ఎక్కించుకునేది. పాలిటెక్నిక్‌లో సివిల్, మెకానికల్ తీసుకున్నవారికి ఆటోకాడ్ కావాలి. ప్రాజెక్టు రిపోర్టు నలభై పేజీలు టైపు చేయాలి, మధ్యలో పట్టికలు గీయాలి. రేపు సచివాలయంలోనో, మీసేవలోనో పని చూసుకోవాలంటే తెలుగు టైపు రావాలి. ఇవన్నీ ట్యాబ్ తెర మీద వేలితో నొక్కి చేయమంటే నెల రోజుల్లో పిల్లకు విసుగు పుడుతుంది. అప్పుడు ట్యాబ్ సినిమాలకే మిగులుతుంది. తప్పు పిల్లది కాదు.

పరీక్షల సంగతి మరీ ముఖ్యం. 2019 నుంచి జేఈఈ మెయిన్ కంప్యూటరు మీదే జరుగుతోంది. ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయిన పరీక్షా అంతే. జేఈఈలో అంకెల్లో జవాబు ఇవ్వాల్సిన ప్రశ్నలు వస్తాయి. ఆ అంకెలు కీబోర్డు మీద కొట్టడానికి వీల్లేదు, తెర మీద కనిపించే అంకెల గళ్ళను మౌస్‌తో నొక్కాలి. ప్రశ్న నుంచి ప్రశ్నకు వెళ్ళడం, వదిలేసినదానికి మళ్ళీ రావడం, అన్నీ మౌస్‌తోనే. ఇంట్లో ఫోనూ ట్యాబూ తప్ప ఎరగని పిల్ల పరీక్ష హాల్లో తెరను వేలితో నెట్టబోయి ఆగి, మౌస్ వెతుక్కునే లోపల నిమిషాలు కరిగిపోతాయి. లెక్క తెలియక పోయిన మార్కు వేరు, మౌస్ చేతికి పట్టక పోయిన మార్కు వేరు. రెండోది మూడువందల రూపాయల మౌస్‌తో, మూడు నెలల అలవాటుతో పోయే లోటు.

తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు నుంచి పిల్లలకు లాప్‌టాపులు ఇచ్చింది. ఆ పథకం ఆగి, 2025 బడ్జెట్‌లో కాలేజీ విద్యార్థుల కోసం మళ్ళీ ప్రకటించినప్పుడు ట్యాబ్ కావాలో లాప్‌టాపు కావాలో వారే కోరుకోవచ్చునన్నారు. సర్కారు వారికే ఇది తేలని ప్రశ్న అయినప్పుడు రైతు ఇంట్లో తేలకపోవడంలో వింత లేదు.

మరి టచ్ ఎందుకు?

లాప్‌టాపే అనుకున్నాక, టచ్ తెర ఉన్నదే ఎందుకు కొనాలి అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే.

మొదటిది లెక్కలు. అక్షరాలు టైపు చేయవచ్చు గాని, సమాకలనం గుర్తు, ఘాతాంకం, బెంజీను వలయం టైపు చేయడం పెద్దవాళ్ళకే తలనొప్పి. తెర మీద పెన్నుతో గీస్తే క్షణం పని. భౌతికశాస్త్రంలో బలాల బొమ్మ వేసి బాణాలు గుర్తించడం, జీవశాస్త్రం బొమ్మకు పేర్లు పెట్టడం, పీడీఎఫ్ పాఠంలో పక్కన రాసుకోవడం ఇవన్నీ టచ్ ఉంటే కాగితం మీద చేసినట్టే సాగుతాయి. రెండోది, మడిచే వీలు. టచ్ లాప్‌టాపుల్లో చాలావాటికి బందు పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. కీబోర్డు కిందికి పోయి తెర పలకలా మిగులుతుంది. పగలు ప్రోగ్రాము రాసిన యంత్రాన్నే రాత్రి మంచం మీద పుస్తకంలా పట్టుకుని చదవవచ్చు. పలకా, పెట్టే రెండూ ఒకే ధరలో వచ్చినట్టు లెక్క.

మూడోది ఎవరూ పెద్దగా చెప్పరు గాని ఉన్న మాటే. ఫోను మీద పెరిగిన పిల్లకు లాప్‌టాపు మొదట బెరుకు. తాకితే కదిలే తెర అయితే ఆ బెరుకు ఒక్క పూటలో పోతుంది. తర్వాత కీబోర్డు, మౌస్ వాటంతటవే అలవాటవుతాయి.

ఇక లోపాలు. టచ్ తెర పగిలితే మామూలు తెరకన్నా మార్పించడానికి ఖర్చు ఎక్కువ. తెర నిగనిగలాడుతుంది కనుక అరుగు మీద వెలుతురులో కూర్చుంటే మొహం కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది. మడిచిన లాప్‌టాపు ట్యాబ్ అంత తేలికా కాదు. కిలో పైమాటే ఉంటుంది, ఒంటిచేత్తో ఎక్కువసేపు పట్టుకోలేం. పెన్ను విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రతి టచ్ తెరా అసలైన పెన్నును గుర్తించదు. వంద రూపాయల రబ్బరు మొన పెన్ను వేలిలాగే పనిచేస్తుంది, గీత లావుగా పడుతుంది, అరచెయ్యి ఆనితే అక్కడా గీత పడుతుంది. సన్నగా రాయాలంటే ఆ మోడలు ఏ పెన్నును అంగీకరిస్తుందో ముందే అడిగి, షాపులోనే రాసి చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, డబ్బు చాలనప్పుడు దేన్ని వదులుకోవాలి అన్నది. టచ్‌ను వదులుకోవచ్చు. మెమరీని వదులుకోకూడదు. విండోస్ లాప్‌టాపుకు 8 జీబీ మెమరీ, ఎస్ఎస్‌డీ నిలవ కనీసం 256 జీబీ ఉండాలి. టచ్ ఉంది కదా అని 4 జీబీ విండోస్ లాప్‌టాపు కొంటే తెర తాకి, అది తెరుచుకునేలోపు గేదెకు మేత వేసి రావచ్చు. విండోస్ 11కు 4 జీబీ చాలునని పెట్టె మీద రాస్తారు. అది బతకడానికి చాలు, పని చేయడానికి కాదు.

పాతికవేలలో ఏమొస్తాయి?

కొత్త విండోస్ టచ్ లాప్‌టాపులు, మడిచేవి ఎక్కువగా నలభై వేలు దాటే ఉంటాయి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతా పెరగడంతో చౌక లాప్‌టాపులకూ సెగ తగిలింది. కాబట్టి పాతికవేల దగ్గర ఆగాల్సినవారికి దారులు రెండు. ఒకటి క్రోమ్‌బుక్, రెండోది వాడిన విండోస్ లాప్‌టాపు.

క్రోమ్‌బుక్ అంటే గూగుల్ వారి పద్ధతి మీద నడిచే లాప్‌టాపు. 2021 జూలైలో ఎసుస్ సంస్థ మడిచే టచ్ క్రోమ్‌బుక్‌ను మన దేశంలో 23,999 రూపాయలకు తెచ్చింది. 2023 అక్టోబరు నుంచి హెచ్‌పీ సంస్థ చెన్నై దగ్గర క్రోమ్‌బుక్‌లు తయారు చేయిస్తోంది. వీటికి మెమరీ తక్కువైనా నడక తేలిక, 4 జీబీతోనే పనిచేస్తాయి. ఫోనులో వాడే యాప్‌లు చాలావరకు ఎక్కుతాయి. పిల్ల ఇంటరు చదివే రెండేళ్ళకూ, వ్యాసాలకూ, మాక్ పరీక్షలకూ బాగా సరిపోతాయి. లోపలి అమరికల్లో లినక్స్ తెరిస్తే సీ, పైథాన్ ప్రోగ్రాములూ రాయవచ్చు. కానీ టాలీ, ఆటోకాడ్ లాటి విండోస్ సరుకు వీటిలో నేరుగా ఎక్కదు. కామర్స్‌లో వెళ్ళే పిల్లకు క్రోమ్‌బుక్ కొనివ్వడం అంటే వరి పొలానికి నాగలి కొని, దమ్ము చేయించడానికి మళ్ళీ అద్దెకు తిరగడమే.

క్రోమ్‌బుక్‌కు గడువు తేదీ ఒకటి ఉంటుంది. ఆ తేదీ దాటితే గూగుల్ నుంచి రక్షణ మార్పులు రావు. 2021 నుంచి వచ్చిన మోడళ్ళకు పదేళ్ళు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ పదేళ్ళు పిల్ల కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం యంత్రం మొదట బయటికి వచ్చిన నాటి నుంచి. తగ్గింపు ధరకు వస్తోందని పాత మోడలు కొంటే సగం ఆయుష్షు షాపులోనే అయిపోయి ఉంటుంది. అమరికల్లో ఆ తేదీ కనిపిస్తుంది, డబ్బు ఇచ్చేముందే తెరిచి చూపించమనాలి.

చౌకదనం చూసి లాప్‌టాపు ఆకారంలో ఉన్న ప్రతిదీ లాప్‌టాపు అనుకోవడమూ పొరపాటే. 2023లో జియో వారు 16,499 రూపాయలకు జియోబుక్ తెచ్చారు. కిలో కూడా లేదు, సిమ్ వేసుకోవచ్చు, కీబోర్డు ఉంది. కానీ టచ్ లేదు, విండోస్ కాదు. టైపు నేర్చుకోవడానికి పనికొచ్చినా పెద్ద చదువుకు నిలిచేది కాదు.

వాడిన సరుకు కొనేవారికి

సికిందరాబాదు సీటీసీలోనో, విజయవాడలోనో కంపెనీలు వాడి వదిలేసిన లాప్‌టాపులు బాగుచేసి అమ్ముతారు. కొత్తవైతే అరవై, డెబ్బయివేలు పలికే రకం టచ్ లాప్‌టాపులు వీటిలో పాతికవేల లోపే దొరుకుతుంటాయి. కట్టుబడి గట్టిది కనుక పల్లెకు నప్పుతాయి. అయితే ఇక్కడే మోసపోయే వీలూ ఎక్కువ.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదో తరందో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. కొద్దిపాటి మినహాయింపులున్నా అవి లెక్కలోకి రావు. దీంతో ఆరో తరం, ఏడో తరం లాప్‌టాపులు కంపెనీల నుంచి బజారుకు చేరి, పదిహేనువేలకే వస్తాయని ఊరిస్తున్నాయి. తరం తెలుసుకోవడం కష్టం కాదు. ప్రాసెసరు పేరులో గీత తర్వాత అంకె చూడాలి. ఐ5-7200 అని ఉంటే ఏడో తరం, ఐ5-8250 అంటే ఎనిమిదోది, 10తో మొదలైతే పదోది. 'కోర్ ఐ5 అండీ, మంచిది' అన్న మాటతో సరిపెట్టుకోకూడదు. ఐ5 అన్నది ఇంటిపేరు లాటిది, అందులో తాతా ఉంటాడు, మనవడూ ఉంటాడు.

టచ్ పనిచేస్తోందో లేదో చూడటానికి బొమ్మలు గీసే పెయింట్ తెరిచి, తెర మొత్తం మూల నుంచి మూలకు వేలితో అలికినట్టు రుద్దాలి. ఎక్కడైనా గీత తెగితే అక్కడ తెర చచ్చినట్టే. తెరను వెనక్కి నాలుగైదుసార్లు మడిచి తెరవాలి. బందు కటకటమన్నా, వదులుగా వాలినా వద్దనుకోవాలి. ఛార్జరు తీసేసి అరగంట షాపులోనే నడిపించాలి. నూరు నుంచి అరవైకి పడిపోతే బ్యాటరీ మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనవచ్చు.

కరెంటు సంగతి చాలామందికి లేనిపోని భయం. ఈ రకం లాప్‌టాపు బ్యాటరీ సుమారు 45 వాట్-గంటలది. రోజుకొకసారి నిండా ఎక్కించినా నెలకు రెండు యూనిట్లు దాటదు. ఫ్యాను అంతకన్నా ఎక్కువ కాలుస్తుంది. భయపడాల్సింది డేటా గురించి. ఫోను నుంచి నెట్ ఇస్తే విండోస్ తన మార్పులను దించుకుంటూ రోజువారీ ఒకటిన్నర జీబీని పొద్దున్నే మింగేస్తుంది. వైఫై అమరికలో 'మీటర్డ్' అన్నది ఆన్ చేస్తే ఆ ఆకలి చాలావరకు తగ్గుతుంది.

డబ్బు లెక్క కాగితం మీద వేసుకోవాలి. పెద్ద తెర ట్యాబ్ పదహారువేలు, దానికి కీబోర్డు అట్ట మూడువేలు, పెన్ను రెండువేల పైన. ఇరవై ఒక్కవేలు దాటింది, అయినా అది ట్యాబే. వాయిదాల మీద కొంటే 'సున్నా వడ్డీ' అన్న మాట కింద చిన్న అక్షరాలు చదవాలి. ప్రాసెసింగు రుసుము, వడ్డీ మీద జీఎస్టీ వేరే పడుతుంటాయి.

ఇంట్లో అన్నా చెల్లెలూ ఇద్దరూ చదువుతుంటే యంత్రం అన్న గదిలోకి పోవడం మామూలుగా జరిగేదే. పరీక్ష ఇద్దరికీ ఒకే కంప్యూటరు మీద పెడతారు కనుక గంటలు పంచి పెట్టాల్సింది తల్లిదండ్రులే. లాప్‌టాపుకు ఇందులో ఒక మేలుంది. బల్ల మీద, నట్టింట్లో ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. ట్యాబ్ దుప్పట్లో దూరుతుంది.

కొనే రోజు పిల్లను వెంట తీసుకువెళ్ళాలి. వాడేది ఆమె, కీబోర్డు వేళ్ళకు ఎలా ఉందో చెప్పవలసిందీ ఆమే. బిల్లు మీద యంత్రం సీరియల్ నంబరు రాయించుకుని, అడుగున ఉన్న నంబరుతో అక్కడే సరిచూసుకోవాలి. వాడిన సరుకైతే ఎన్ని నెలలు షాపు బాధ్యతో, అందులో తెర, బందు, బ్యాటరీ కలిశాయో లేదో అదే కాగితం మీద రాసి ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా చెప్పే ఆరు నెలల వారంటీ షాపు గుమ్మం దాటగానే చెల్లదు.